రెప్ప మీది ఎర్ర బుడిపె సంగతి

నెరెయిదా తల్లీ,

నేను బేకరీకి వెళ్తున్నాను, మధ్యాహ్నం డ్యూటీ. నువ్వు లేవగానే చేతులు సబ్బుతో కడుక్కుని, రెప్ప మీద కుట్లకు డాక్టరమ్మ ఇచ్చిన మందు పల్చగా రాసుకో. కాల్చిన పచ్చి మిరపకాయలు గిన్నెలో మూతపెట్టి ఉన్నాయి, ముట్టుకోకు. తొక్కలు నేనే వచ్చి తీస్తాను. ఆ చేత్తో కన్ను నలుపుకున్నావంటే నా ప్రాణం పోతుంది.

నువ్వు మాత్ర వేసుకుని పడుకున్నాక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కోసి పరీక్షకు పంపిన ఆ బుడిపె రక్తనాళాల్లో పుట్టిన గడ్డట, రెప్ప మీద రావడం చాలా అరుదట. క్యాన్సర్ కాదు. మొత్తం తీసేశారట. "నిజంగా కాదా?" అని మూడుసార్లు అడిగాను. "నాలుగోసారి అడిగినా కాదనే చెప్తానమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ.

నేనేమో దాన్ని కంటికురుపు అనుకున్నాను. "కడుపుతో ఉన్న మనిషి ఆశపడి అడిగింది పెట్టకపోతేనే ఇలా లేస్తుంది, పక్కింటి గ్రాసియెలా అడిగితే ఏం పెట్టనన్నావే?" అని నెలరోజులు నిన్ను సాధించాను. "ఆవిడ ఏమీ అడగలేదమ్మా" అని నువ్వు ఏడ్చినా నమ్మలేదు. ఆ నెల ముందే డాక్టరుకు చూపించాల్సింది. తప్పు నాదే. దాన్నుంచి రక్తం కారిన సంగతి నా దగ్గర దాచావు చూడు, అది మాత్రం నీ తప్పు.

అమ్మ

ఇంకో మాట. ఫ్రిజ్‌లో మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలెలు ఉన్నాయి, నాలుగు వేడిచేసి గ్రాసియెలాకి ఇచ్చిరా. ఆ గడ్డకీ ఆ పిల్లకీ సంబంధం లేదని నాకూ తెలుసు. కానీ ఆమె కాన్పుకి ఇంకా నెల ఉంది, నీకు ఇంకో కన్ను ఉంది.