నీళ్లల్ల నిలబడ్డ మౌనిక

తమ్మీ,

ఇది నువ్వు చదవవని ఎరికే. కానీ నీకు గాక ఇంకెవ్వలికి చెప్పాలె?

ఎల్లారెడ్డిల మన బాయిల నువ్వు మునిగి పోయినప్పటి సంది నేను నీళ్లల్ల దిగలే. నా బిడ్డ మౌనికను గూడ దిగనియ్యలే. మొన్న ఎండకాలం దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. పానం దక్కింది గాని కాళ్లు పడిపోయినయ్. కామారెడ్డిల ఫిజియోథెరపీ మేడం, "నీళ్లల్ల ఒళ్లు బరువు తెల్వది అక్కా, కాళ్లు కదులుతయ్" అన్నది. చానా రోజులు నేను వద్దనే అన్న. ఇయ్యాల ఒప్పుకున్న.

గోరువెచ్చని నీళ్ల తొట్టి, పిల్లకు ఛాతీ దాకా వస్తది. "నువ్వు గూడ దిగు అక్కా, దానికి ధైర్యముంటది" అన్నది మేడం. నాకు నువ్వే యాదికొచ్చినవ్. గోడ పట్టుకొని చీరతోనే దిగిన.

మౌనిక నా చేతులు పట్టుకొని నిలబడ్డది, తమ్మీ. ఒక అడుగు గూడ వేసి నవ్వింది.

బయటికి తీసి నిలబెట్టంగనే కూలబడ్డది. "మెల్లగ నడక వస్తది" అన్నది మేడం.

"నేను నీళ్లల్లనే ఉంటనే అమ్మా" అని మౌనిక ఒక్కతీరుగ ఏడ్చింది.

దాన్ని ఎత్తుకొని మళ్ల దిగిన.

నీ అక్క