మధ్య కాక్‌పిట్టే కొనండి

శాండ్రింగ్‌హామ్,
ఆక్లాండ్.

మైఖేలు వాళ్ళ నాన్నగారికి ప్రభువు పేరట వందనాలు.

ఇక్కడ నేను, వాడు క్షేమం. రిక్కార్టన్‌లో మీరూ, మీ తమ్ముడూ క్షేమమని తలుస్తాను. ముగ్గురం క్షేమం అని రాయబోయి ఆగాను. ఫేబీ పోయి రెండేళ్ళయినా చేతికి ఆ అలవాటు పోలేదు.

మీ ఉత్తరం అందింది. ఫోన్ ఎత్తనన్నానని నెలనెలా రాస్తున్నారు, మీ ఓపికకి దండం పెట్టాలి. మైఖేలుకి దగ్గు తగ్గింది. కేర్ హోమ్‌లో నాకిప్పుడు పగటి షిఫ్టులే.

ఇక పడవ సంగతి. వాడు నీళ్ళంటే భయపడుతూ పెరగకూడదని రెండు పడవల ఫోటోలు పంపి, కాక్‌పిట్ వెనకున్నది కొననా, మధ్యలో ఉన్నది కొననా అని అడిగారు. పిల్లని సముద్రంలో పోగొట్టుకున్న మనిషి మళ్ళీ పడవ బేరమాడుతున్నాడంటే సిగ్గు లేదా అనుకున్నాను. పడవ నడిపేవాళ్ళు వీల్ పట్టుకుని కూర్చునే ఆ కాక్‌పిట్ వెనకుంటే తెరచాపలన్నీ కనిపిస్తాయి, ఎక్కడం దిగడం సులువు అని రాశారు. దిగడం ఎంత సులువో మనకి తెలియదా? పాత పడవ వెనకంతా తెరిచే ఉండేది. మధ్యలో అయితే తొట్టిలా లోతుగా ఉంటుంది గానీ ఊపు ఎక్కువ అన్నారు. ఊగనివ్వండి.

ఆ ఫోటోలు మైఖేలుకి చూపించాను. "ఏ బోటైనా నేను రాను మమ్మీ. డాడీ హుక్ పెట్టడం ఫర్గెట్ చేస్తాడు కదా" అన్నాడు. నేను "అవును" అన్నాను. అక్కని చంపింది నాన్నేనని ఏడేళ్ళవాడు నమ్ముతున్నాడు. నేనే నమ్మనిచ్చాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు పాస్టరు గారి భార్య ఆశాజ్యోతి ఆంటీ మన పడవెక్కారని నాకు ఒకటే గొప్ప. భోజనం ముందు ప్రార్థన చేద్దామన్నాను. "నేను కళ్ళు మూయను ఫ్లోరెన్స్, గాలి మారేలా ఉంది" అన్నారు మీరు. "ఆంటీ ముందు నా పరువు తీయకండి. రెండు నిమిషాలు మూస్తే ఏం పోతుంది?" అన్నాను. మీరు మూశారు.

ఫేబీ పడిపోకుండా నడుముకి కట్టి, హుక్‌తో పడవకి తగిలించిన పట్టీ పొట్టిది. మోకరించడానికి అందలేదు. నేనే హుక్ విప్పాను. ఆమెన్ అన్నాక పెడదామనుకున్నాను. ఆంటీ "స్తోత్రం, స్తోత్రం" అంటుంటే ఉత్సాహం వచ్చి, ఊళ్ళో చుట్టాలందరి పేర్లూ ఎత్తి ప్రార్థించాను. పడవ ఒక్కసారి ఒరిగింది. కళ్ళు తెరిచేసరికి పిల్ల లేదు.

హుక్ ఎవరు పెట్టారని పోలీసులు అడిగితే మీరు "నేనే, సరిగ్గా పెట్టి ఉండను" అన్నారు. నేను నోరు మెదపలేదు. సమాధి దగ్గర మీరు నా కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాను. ఇంట్లోంచి పొమ్మన్నాను. చర్చిలో అందరూ మిమ్మల్ని దోషిలా చూస్తుంటే నాకు హాయిగానే ఉండేది, ఆ చూపు నా మీద లేదు కదా.

మధ్య కాక్‌పిట్టే కొనండి. కళ్ళు మూసుకునేవాళ్ళ పిల్లలకి చుట్టూ గోడలుండాలి. నన్ను మాత్రం ఎక్కించకండి. హుక్ విప్పింది ఎవరో మైఖేలుకి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అదీ మీరే చెప్పండి.

క్షమించమని మీరు రాసిన ఇరవై మూడు ఉత్తరాలూ ఈ కవర్లోనే పెట్టి పంపుతున్నాను. అవి మీరు రాయవలసినవి కావు, నేను రాయవలసినవి.

ఇట్లు,
ఫేబీ తల్లి,
ఫ్లోరెన్స్