పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఇవాళే వస్తున్నారు

బుజ్జీ, మధ్యాహ్నం నా పాస్‌పోర్టు ఎంక్వైరీకి కానిస్టేబుల్ వస్తాడట, ఇప్పుడే ఫోన్ చేశాడు. నువ్వు పాపను బడిలో దింపి వచ్చేదాకా ఆగుదామనుకున్నాను గానీ, వర్క్‌షాపులో మిషను విప్పి అలాగే వదిలేసి వచ్చాను. కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు టీవీ పక్కన పెట్టాను. ఆయన రాగానే ఫోన్ చెయ్యి, పరుగున వస్తాను. ఈలోగా కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు. నా మీద కోపం ఆయన మీద చూపించకు.

నీకు చెప్పకుండా అప్లై చెయ్యడం తప్పే. పోయినసారి నా కాగితాలు ఏడాది పాటు ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి తిరిగాయి, చేతికొచ్చిన పని కాస్తా ఇంకొకడికి పోయింది. ఈసారీ అంతేలే, నిదానంగా చెబుదాం అనుకున్నాను. వారం తిరక్కుండానే మెసేజ్ వస్తుందని, అది ముందు నీ కంటనే పడుతుందని కలగన్నానా? "నేను ఈ ఇంట్లో మనిషినా, అద్దెకున్నదాన్నా?" అన్నావు. రోషానికి పోయి వర్క్‌షాపులో పడుకుంటున్నాను గానీ, ఒక్క రాత్రీ కంటినిండా నిద్ర లేదు. బయటి దేశంలో మిషన్లు బిగించే పని మూడు నెలలే. నువ్వు వద్దంటే మానేస్తాను, ఒట్టు. పాస్‌పోర్టు మాత్రం రానివ్వు.

అన్నట్టు, "మీ ఆయన ఇక్కడే ఉంటున్నాడా?" అని ఆయన తప్పకుండా అడుగుతాడు. ఉంటున్నాడనే చెప్పు. నీచేత అబద్ధమాడించను. నా దుప్పటీ బట్టలూ తెచ్చి గదిలో పెట్టేశాను.