మాట మీది, ఓటు మాది

సాల్ట్ లేక్, కలకత్తా,
మార్చి 5

ప్రియమైన జగ్గమ్మ పిన్నికి నమస్కారాలు.

ఫోనులో నీకు వినపడదు, నాకేమో అరిచి మాట్లాడడం చేతకాదు. ఎమ్మెల్యేవై ఉండి అరవలేవా అని నవ్వుతావు. అందుకే ఎప్పటిలా ఉత్తరం.

బస్తీల పునర్నిర్మాణ బిల్లు మొన్న అసెంబ్లీలో పాసయింది. మన రేకుల గదులు తీసేసి అంతస్తుల ఇళ్లు కడతారు. అంతవరకూ మంచిదే. కానీ అందులో తొమ్మిదో సెక్షన్ అని ఒకటుంది. 1995కు ముందు నుంచీ బస్తీలో ఉంటున్నట్టు రుజువు చూపించలేని వాళ్లకు గది ఇవ్వరు. దాని మీద నేను లేచి మాట్లాడాను పిన్నీ. రెండు నిమిషాలే ఇచ్చారు. "మా నాన్న ఓడరేవు డాకుల్లో ముప్పై ఏళ్లు బస్తాలు మోశాడు. ఆయన దగ్గర కాగితం లేదు, భుజం మీద కాయ ఉంది. అది రుజువుగా తీసుకుంటారా?" అని అడిగాను. సభ కెమెరాలో అదంతా వచ్చింది. ఆ వీడియోను ఇప్పటికి నలభై వేల మంది చూశారు.

ఈ నెల తెలుగు కరపత్రం రెండు వందల కాపీలు డ్రైవరుతో పంపుతున్నాను. మన పిల్లలకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు కదా, ఆదివారం అందరినీ కూర్చోబెట్టి నువ్వే చదివి వినిపించు. సెక్షన్ గురించి ఎవరైనా అడిగితే రమ గట్టిగా మాట్లాడిందని చెప్పు. మోకాళ్ల నొప్పులకు నూనె కూడా పంపాను, రాసుకోవడం మానకు.

నీ చేతి కింద అక్షరాలు దిద్దిన
రమ


టికియాపారా, హౌరా,
మార్చి 10

ప్రియమైన రమాకుమారికి జగ్గమ్మ పిన్ని ఆశీస్సులు.

నిన్న చదివాను. ఒకసారి కాదు, మూడుసార్లు చదివించారు. యూనియన్ గదిలో చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. మీ నాన్న భుజం సంగతి వచ్చేసరికి డాకులో పనిచేసే బైరాగి తన చొక్కా పక్కకు లాగి పక్కవాడికి కాయ చూపించాడు. అతని భార్య అప్పలలక్ష్మి ఏడ్చేసింది. "మన రమ ఉండగా మనకేటి బయ్యిం?" అని అందరితోనూ అంది. వచ్చినవాళ్లకు తలా ఒక రసగుల్లా బైరాగే పంచాడు.

సూరన్న మనవరాలు సమీర తెలుసు కదా, లా చదువుతోంది. ఆ పిల్ల మాత్రం చివర్న లేచి, "మాట్లాడారు సరే అమ్మమ్మా, ఓటు ఎటు వేశారు? కాగితంలో అది లేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. పదిమందిలో దాన్ని కసిరాను. "రమ నా చేతుల్లో పెరిగిన పిల్ల. వద్దన్న నోటితోనే వద్దని ఓటేస్తుంది, వేరే అడగాలా?" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కూర్చుంది.

తర్వాత ఇంటికొచ్చి, చిన్నపిల్లను అంత కసరకుండా ఉండాల్సింది అనిపించింది. ఓటు సంగతి రెండు ముక్కలు రాసి పంపు, దానికి చూపిస్తాను. సరిపోతుంది.

నువ్వు ఇటు వచ్చి ఐదు నెలలయింది. ఒక ఆదివారం రా. ఎండుచేపల పులుసు పెడతాను.

నీ పిన్ని
జగ్గమ్మ


సాల్ట్ లేక్,
ఏప్రిల్ 2

ప్రియమైన పిన్నికి,

ఆలస్యానికి కోప్పడకు. కమిటీలు, ప్రారంభోత్సవాలు, తలనొప్పులు. మన వీధి చివర కాలువ పూడిక తీయించమని ఉత్తరం పెట్టాను, వానల్లోపు చేస్తారు. ఈ నెల కరపత్రంలో దాని ఫోటో కూడా వేశాం.

సమీర అడిగిన దాని గురించి. ఓటింగు అన్నది సభా నియమాలకు సంబంధించిన వ్యవహారం పిన్నీ. పార్టీ ఉంటుంది, విప్ ఉంటుంది, బయటివాళ్లకు చెబితే తలాతోకా లేకుండా అర్థమవుతుంది. నా వైఖరి ఏమిటో వీడియోలో నలభై వేల మంది విన్నారు. అంతకంటే పెద్ద రుజువు ఏముంటుంది? ఆ పిల్ల తెలివైంది, చదువుకోనీ.

నీకు వినికిడి మిషను కొత్తది చూశాను. ఎప్పుడు వీలో చెబితే డాక్టరు దగ్గరకు కారు పంపుతాను. ఆదివారాలు ఈ మధ్య అసలు కుదరడం లేదు.

నీ
రమ


టికియాపారా,
ఏప్రిల్ 28

ప్రియమైన రమకు ఆశీస్సులు.

మిషను వద్దు. ఉన్న చెవులతో వినవలసింది వింటున్నాను.

పోయిన వారం ప్రభుత్వం వాళ్లు బస్తీలో బల్ల వేసుకుని ఇల్లిల్లూ రాసుకున్నారు. అప్పలలక్ష్మి వంతు వచ్చింది. రుజువు చూపించమన్నారు. ఆమె ఇంట్లోకి పరిగెత్తి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. అన్నీ నీ కరపత్రాలు రమా. నువ్వు గెలిచినప్పటి నుంచి ఒక్కటీ పోకుండా, నెల వరసన పెట్టుకుంది. ఆమెకు చదవడం రాదు. పైన మూడు సింహాల గుర్తు ఉంది కాబట్టి ప్రభుత్వం ఇచ్చిన కాగితాలే అనుకుంది. "మా ఎమ్మెల్యేగారు నెలనెలా మాకు రాసినవి బాబూ, మేం ఇక్కడున్నట్టే కదా" అని వచ్చీరాని బెంగాలీలో చెప్పింది. రాసుకునే అతను చూసి, "ఎ తో చిఠి, దలిల్ నయ్" అని నవ్వాడు. ఇవి ఉత్తరాలు, దస్తావేజులు కావని. పక్కనున్న వాళ్లూ నవ్వారు. ఆమె ఒక్కొక్కటీ ఏరి మళ్లీ సంచిలో పెట్టుకుంది. చిరిగిపోతాయేమోనన్నట్టు ఎంత మెల్లగా పెట్టుకుందో!

అలాంటి కుటుంబాలు ఇరవై మూడు. అభ్యంతరాలు ఇవ్వడానికి మే నెలాఖరు గడువు. ఒక్కరూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే, "రమమ్మ అడ్డేసింది కదా, ఆ సెక్షను తీసెత్తారు" అంటున్నారు. 

నువ్వు ఎటు ఓటేశావు? నియమాలు వద్దు, విప్ వద్దు. ఒక్క మాట రాయి.

జగ్గమ్మ


సాల్ట్ లేక్,
మే 8

పిన్నికి,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. ఆ మాట రాసే అర్హత ఈ ఉత్తరానికి లేదు.

బిల్లుకు అనుకూలంగా వేశాను. తొమ్మిదో సెక్షన్‌తో సహా.

ఎవరో బెదిరించారని రాస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఎవరూ బెదిరించలేదు. విప్‌ను కాదంటే పదవి పోతుంది, అది నిజం. కానీ సంగతి అంతవరకూ కూడా రాలేదు. ముందురోజే నేను మా చీఫ్ విప్ గదికి వెళ్లాను. మా వాళ్లకు ఇబ్బంది, రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి అని బతిమాలాను. ఆయన టీ తాగుతూ నవ్వాడు. "వక్తృతా ఆప్నార్ దిదీ, భోట్ ఆమాదేర్" అన్నాడు. మాట మీది, ఓటు మాది. నేను కూడా నవ్వాను పిన్నీ. థాంక్యూ అని చెప్పి వచ్చాను. కెమెరా ఎక్కడుంటుందో కనుక్కుని, ఆ వైపు కనపడే సీటు కూడా అడిగి తీసుకున్నాను.

మామూలుగా అయితే అందరూ కలిసి అవునంటారు, అయిపోతుంది. ఎవరేమన్నారో ఎక్కడా ఉండదు. ఆ రోజు అవతలి పక్షం వాళ్లు ఒక్కొక్కరి ఓటూ రాసుకోవాలని పట్టుబట్టారు. గంట మోగింది, తలుపులు మూశారు. చీటీ నా ముందుకు వచ్చింది. పక్క సీటాయన ఇలిశ చేప ధర గురించి చెబుతున్నాడు. నేను ఆయనకు ఊఁ కొడుతూనే సంతకం పెట్టాను. నాన్న గుర్తుకు రాలేదు. అరగంట ముందు ఆయన భుజం గురించి మాట్లాడిన దాన్ని నేనే.

కరపత్రంలో అబద్ధం రాయలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. "వ్యతిరేకించాను" అన్న మాట దగ్గర అరగంట ఆగాను. "వ్యతిరేకంగా మాట్లాడాను" అని దిద్దాను. అంత జాగ్రత్తగా రాశాను. అప్పలలక్ష్మి వాటిని దాచుకుందని చదివాక ఇంట్లో ఉన్న కాపీల వైపు చూడలేకపోతున్నాను.

ఇది నీకు మాత్రమే. ఎవరికీ చదవవద్దు. అభ్యంతరాలు మాత్రం వెంటనే పెట్టించు, ఏదో ఒక కారణం చెప్పు.

రమ


టికియాపారా,
మే 12

రమకు,

నువ్వు రాశావు కాబట్టి నేను కూడా రాయాలి. నాకు ఇది ముందే తెలుసు.

ఏప్రిల్ మొదట్లోనే అసెంబ్లీ వాళ్లు అచ్చు వేసిన కాగితం సమీర తెచ్చింది. ఎవరు ఎటు ఓటేశారో బెంగాలీలో పేర్ల జాబితా. నాకు ఒంటరిగా ఇచ్చి, "అమ్మమ్మా, నేను చెబితే ఎవరూ నమ్మరు. ఇది మీరే చదివి చెప్పండి" అంది. నేను పదిమందిలో కసిరిన పిల్ల నాకిచ్చిన మర్యాద అది. అనుకూలం అన్న వరసలో నీ పేరు చూశాను. వేలు పెట్టి మూడుసార్లు చూశాను.

ఆదివారం అందరి ముందు లేచి, "కాగితం చూశాను. మన రమ వద్దనే వేసింది" అని చెప్పాను.

నలభై ఏళ్లుగా ఈ బస్తీకి ఉత్తరాలు చదువుతున్నాను. చావు కబుర్లు చదివాను, కోర్టు నోటీసులు చదివాను. ఒక్క అక్షరం మార్చి చదవలేదు. నీ కోసం మార్చాను. నీ కోసం అని కూడా అనుకోను ఇప్పుడు. నేను పెంచిన పిల్ల అని చప్పట్లు కొట్టించుకున్నాను కదా, అది పోతుందని మార్చాను. సమీర నా మొహం వైపు చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నా మాట నమ్మే ఆ ఇరవై మూడు కుటుంబాలూ చేతులు కట్టుకుని కూర్చున్నాయి. అప్పలలక్ష్మి సంచి బోర్లించిన రోజున నేను ఆ బల్ల పక్కనే ఉన్నాను. తర్వాత నిన్ను ఒక్క మాట రాయమన్నది తెలియక కాదు. నువ్వు చెబితే నా అబద్ధం నేను ఒప్పుకోవడం తేలికవుతుందని ఆశపడ్డాను.

నిన్న ఒప్పుకున్నాను. ముందు సమీర ఇంటికి వెళ్లి నన్ను క్షమించమని ఆ పిల్లను అడిగాను, తర్వాత అందరినీ పిలిచి నేను చేసింది చెప్పాను. బైరాగి తల దించుకుని, "నువ్వు కూడానా అమ్మా" అన్నాడు. అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది.

నీ ఉత్తరం చదవలేదు. వద్దన్నావు. కానీ దాచను కూడా. ఆదివారం పది గంటలకు వచ్చి నువ్వే చదువు. రాకపోతే నేను చదువుతాను. ఏదో ఒక కారణం చెప్పమన్నావు చూడు, ఆ పని ఇక నా వల్ల కాదు.

జగ్గమ్మ


సాల్ట్ లేక్,
జూన్ 2

ప్రియమైన పిన్నికి,

ఆ ఆదివారం నా పక్కనే కూర్చున్నావు, అయినా నీకు వినపడనివి కొన్ని ఉన్నాయి. అవి నీకు రాయాలి.

నేను ఉత్తరం చదివినంతసేపూ ఎవరూ అడ్డు రాలేదు. టీ గది, కెమెరా, చేప ధర, అన్నీ చదివాను. చదవడం అయ్యాక బైరాగి లేచి అడిగింది ఇది: "మీ నాన్న బుజం గురించి సెప్పినప్పుడు నీ గొంతు వొణికింది కదమ్మా. అది నిజిమేనేటి?" నిజమే అన్నాను. "మరి అది కూడా అమ్మీసినావా?" అన్నాడు. నేను తల ఊపింది నువ్వు చూశావు. ఎందుకు ఊపానో నీకు తెలియలేదు.

తర్వాత సమీర బల్ల వేసి అభ్యంతరాలు రాయడం మొదలుపెట్టింది కదా. కాగితాలు నా ముందుకు తోసింది. "ఈ కుటుంబం ఫలానా సంవత్సరం నుంచి ఇక్కడ ఉంటున్నట్టు నాకు స్వయంగా తెలుసు" అని కింద నా సంతకం కావాలంది. నేను అక్కడే పుట్టి పెరిగాను, నిజంగానే తెలుసు. ఎవరి గది ఎప్పుడు కట్టారో, ఏ వానకు ఎవరి రేకు ఎగిరిపోయిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ సంతకాలు పెట్టాను. 

చివర్న అప్పలలక్ష్మి వచ్చింది. ఆమె, బైరాగి టెక్కలి నుంచి వచ్చింది తొంభై ఏడులో. హౌరా స్టేషన్‌కు ఎదురెళ్లి వాళ్ల ట్రంకు పెట్టె ఒక పక్క పట్టుకున్నది నేనే. ఆమె వంగి నా చెవిలో, "తొంబైనాలుగు అని రాసియ్యమ్మా. నీకేటి పోతాది?" అంది.

కలం ఆగిపోయింది పిన్నీ. ఆ ఒక్క అంకె మారిస్తే ఆమెకు గది వస్తుంది. కానీ ఒక్కటి దొంగదని తేలినా నా సంతకం ఉన్న ఇరవై మూడూ చెత్తబుట్టలోకి పోతాయి. అది చెప్పాను. రాయలేనన్నాను. ఆమె నా వైపు చూసింది. కోపంగా కూడా కాదు. "నిజిం సెప్పడం ఈయేలే నేర్సుకున్నావేటి రమా?" అంది. పాతికేళ్లలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

గడువు రోజు కబురు వచ్చింది. పందొమ్మిది కుటుంబాల అభ్యంతరాలు విచారణకు తీసుకున్నారు. నాలుగు తిప్పి పంపారు, తొంభై ఐదు తర్వాత వచ్చినవాళ్లవి. అందులో వాళ్లది ఒకటి. ఆ గీత గీసింది తొమ్మిదో సెక్షన్, దాని కింద నా ఓటు ఉంది. సెక్షన్ సవరించమని వచ్చే సమావేశానికి నా పేరుతోనే ప్రతిపాదన ఇచ్చాను. పార్టీ సంజాయిషీ అడిగింది. టికెట్ మళ్లీ రాదని చీఫ్ విప్ నవ్వుతూనే చెప్పాడు. ఈసారి నేను నవ్వలేదు. దాని వల్ల ఎవరికీ గది రాదు, అయినా నీకు చెప్పాలనిపించింది.

ఈ నెల కరపత్రం అచ్చుకిచ్చాను. మొదటి వాక్యం నేను ఎటు ఓటేశానన్నది. దాన్ని చదవమని నిన్ను అడగను, నేనే వచ్చి చదువుతాను. వచ్చాక ముందు అప్పలలక్ష్మి గడపకు వెళ్లాలి. ఆమె అడిగినదానికి జవాబు ఏం చెప్పాలో ఇంకా తెలియదు. తెలియకుండానే వెళతాను.

నీ
రమ