పీకోల చదువు

భువనగిరి

బిడ్డ మానసకు, మీ పెద్దబాపు రాజం ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నం. ఫోన్ల "ఏం చదువుతున్నవు" అని అడిగితే చాలు, నీకు సిగ్నల్ పోతది. అందుకే కాయిదం మీద అడుగుతున్న. దీనికి సిగ్నల్ పోదు.

మా బిడ్డ హరిత డిగ్రీ అయిపోయింది. నీ లెక్క ఫిజిక్సుల ఎమ్మెస్సీ చేస్తదట, మీ యూనివర్సిటీల్నే. సీటు గూడ వచ్చింది. పంపుడా మానుడా అనేది నీ జవాబు మీద ఉన్నది. నాలుగేండ్ల సంది పట్నంల నువ్వు చేస్తున్నదేంది? మీ నాయిననడిగితే "ఏందో చేస్తది అన్నా" అంటడు. కన్నతండ్రికి తెల్వని చదువు గూడ ఒక చదువేనా?

నీ మంచి కోరే,
రాజం

తా.క. అర్థమయ్యేటట్టు రాయి. నాకు అర్థం కాకపోతే తప్పు నాది కాదు, నీ చదువుది.

*

హైదరాబాద్

పెద్దబాపుకు మానస నమస్కారాలు.

నీ ఉత్తరం ముట్టింది, దాంట్ల ఉన్న ఎక్కిరింపు గూడ ముట్టింది.

ఎమ్మెస్సీ అయినంక ఇక్కడ్నే ల్యాబుల పరిశోధన చేస్తున్న. మా పని ఇది. ఇనుముల ఇంకో లోహం కలిపి, అద్దం ముక్క మీద కంటికి ఆననంత సన్నటి పొర వేస్తం. అది అయస్కాంతం. దాని మీద లేజర్ కొడితే ఉత్తరం ఉన్న కాడికి దక్షిణం, దక్షిణం ఉన్న కాడికి ఉత్తరం వస్తది. అట్ల ఎట్ల తిరుగుతదో చూసుడే నా పని. రెండు మూడు పీకోల్ల అంతా అయిపోతది. పొద్దంత నేను పీకోల మీదనే ఉంట. రేపు కంప్యూటర్లు ఇంకా జల్ది పనిచేయాల్నంటే ఇదొక దారి.

హరితను ఆపకు. దానికి నాకంటే మంచి బుర్ర ఉన్నది.

నీ బిడ్డ,
మానస

తా.క. నిజానికి మా దగ్గర పీకో పాతదయింది. ఈ ఏడు ఫెమ్టోకు పోయినం. అది ఇంకా సన్నం.

*

భువనగిరి

మానసకు రాజం రాసేది. ఆశీర్వాదం ఈసారికి లేదు.

ఏం పీకుతున్నవే అని అడుగబోయి, ఆడపిల్లవని మర్యాదకు ఊకున్న. నువ్వే పీకో అని రాస్తివి!

మన గల్లీల నిరోష పదో తరగతి తప్పి, ఇంట్ల మిషిను పెట్టుకొని చీరెలకు ఫాలు కుట్టి, అంచు పోగులు ఊడకుండ పీకో చేస్తది. దానికి లేజర్ లేదు, అద్దం ముక్క లేదు. మగ్గం నేసేటోళ్ల ఇంట్ల పుట్టి, ఎమ్మెస్సీ చదివి, ఆఖరుకు చీరె అంచు కాడ తేలినవా? సన్నటి దాని మీద పీకో కష్టమే, ఒప్పుకుంట. గని ఉత్తరం దిక్కు అంచు దక్షిణం దిక్కు పోతే, కట్టుకునే ఆడమనిషి ఏం గావాలె?

హరిత రాదు. రెండు దినాల సంది అన్నం ముట్టక ఏడుస్తాంది. నా పానం గుంజుతాంది. అయినా పంప. నీ దగ్గరికొస్తే అది గూడ ఆగమైతది.

ఇట్లు,
రాజం

తా.క. నేను నేసిన మీ పెద్దమ్మ చీరె పార్శిల్ చేస్తున్న. ఫెమ్టో చేసి పంపు. పీకో పాతదయిందంటివి గద.

*

హైదరాబాద్

పెద్దబాపూ! నమస్కారాలు తర్వాత, ముందుగాల ఇది విను.

పీకో అంటే చీరెలది కాదు. పీకో సెకండు. ఒక సెకండును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందుల ఒక్క ముక్క. నీ మగ్గం మీద నూలు గుంజుకపోయే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయేలోపల మా అయస్కాంతం కోట్ల సార్లు తిరగబడొచ్చు. చీరెకు లేజర్ ఎవడన్న కొడ్తడా? కాలి బూడిదైతది!

నీ పార్శిల్ ల్యాబుకే వచ్చింది. మా గైడు స్వర్ణ మేడం విప్పి, "ఇదేం శాంపిలు?" అనడిగింది. సిగ్గుతో చచ్చిన. నా మీద కోపముంటే నన్ను తిట్టు. ఈ శుక్రవారం దాటితే హరిత సీటు పోతది. నీ కాళ్లు మొక్కుతా, పంపు.

మానస

తా.క. చీరె వాపసు పంపుతున్న. మేడం దాన్ని రెండుసార్లు మడతపెట్టి మళ్లీ విప్పింది. ఎక్కడ నేసిండ్రని అడిగింది. నీ మీద కోపంతోని చెప్పలే.

*

భువనగిరి

బిడ్డ మానసకు రాజం రాసేది. ఆశీర్వాదం ఉన్నది, తీసుకో.

నీ ఉత్తరం మీ పెద్దమ్మకు చదివి వినిపించిన. "సెకండును కోసేటందుకు గూడ ఎమ్మెస్సీ కావాల్నా?" అన్నది. నేనడిగేది వేరే. రెండు మూడు పీకోల్ల పని అయిపోతదంటివి. మరి తక్కిన నాలుగేండ్లు ఏం చేసినవే?

గని నీ ఉత్తరం ఆలస్యమైంది. అది రాకముందే హరితను బస్సెక్కిచ్చిన. ఏడ్చేటి పిల్ల ఉన్నట్టుండి కండ్లు తుడుసుకొని, "అవును బాపూ, నువ్వన్న పీకోనే. లేజర్ పీకో, రెండేండ్ల కోర్సు. నేర్చుకొనొచ్చి బస్టాండు కాడ దుకాణం పెడ్త" అన్నది. చేతిపని గద అని సంతకం పెట్టిన. గల్లీ మొత్తం గొప్పలు చెప్పుకున్న. ఇప్పుడు వాపసు తెస్తే అందరికంటే ముందు నిరోష నవ్వుతది.

కన్నతండ్రికే టోపీ పెట్టింది. మస్తు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చదువుకోనియ్యి. జర కడుపునిండ తినమని చెప్పు.

మీ ఇద్దరి చేతుల మోసపోయిన,
రాజం

తా.క. బస్సు కదిలినంక కిటికీలకెళ్లి ఏదో అరిచింది. దుప్పటి మరిచిపోయిన అంటున్నదనుకొని చెయ్యి ఊపిన. నీ ఉత్తరం చదివినంక గాని ఆ మాట అర్థం కాలే. "పీకో చీరెలది కాదు బాపూ" అన్నది. ముందుగాల చెప్తే బస్సు ఆపుదును. అందుకే కదిలినంక చెప్పింది.