తలుపు తీయని రోజు

స్వరూపక్కకు, పెద్దవంగర దగ్గరి మా తండా నుంచి నమస్కారాలు.

జనగామలో మీ హోటల్లో నేను రొట్టెలు చేసేటప్పుడు, మా అఖిల దవాఖాన ఖర్చులకు మీ ఇంటాయన యుగేందరన్న ఇరవై వేలు ఇచ్చాడు. పాప దక్కలేదు. అప్పు తీర్చే దారి లేక, మీకు చెప్పకుండానే పని మానేశాను. నెల తర్వాత అన్న తండాకు వచ్చాడు. పైసలు అడుగుతాడని భయపడి తలుపు వేసుకున్నాను. “చెల్లే, పిల్లకు ఎట్లున్నది? జర తలుపు తియ్యి” అని చాలాసేపు పిలిచి వెళ్లిపోయాడు.

మొన్న మిర్చి అమ్మిన డబ్బుతో జనగామ వస్తే, అన్న పోయి ఆరు నెలలైందని పక్క కొట్టువాళ్లు చెప్పారు. మీకు ముఖం చూపలేక తిరిగి వచ్చాను. డబ్బు మా తమ్ముడితో పంపుతున్నాను, తీసుకోండి.

ఆ రోజు తలుపు తీసి, అన్న ముందు ఒక్కసారి ఏడవాల్సిందక్కా.

అఖిల తల్లి