గ్లాసు అడుగున ఎర్ర చుక్క

ఆగస్టు 10, ఆదివారం

రెండో రూముకి మనిషి దొరికింది. వారం నుంచి మా ఇంటి ఓనర్ కమలాదేవి ఆంటీ కాలు నేల మీద ఆనడం లేదు. అమెరికన్ టీచరట, ప్యూర్ వెజిటేరియనట, పాలు కూడా ముట్టదట, ఫోన్లో ఎంత మర్యాదో నువ్వు వినాల్సింది నిఖిలా అని ఒకటే మురిపెం. అడ్వాన్సు కూడా తీసేసుకుంది. పొద్దున బెల్ మోగితే చీర సవరించుకుని మరీ తలుపు తీసింది. ఎదురుగా రెండు సూట్‌కేసులతో ఒక నల్లమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది. పేరు యోలాండా. ఆంటీ ఆమె భుజం మీదుగా కారిడార్‌లోకి చూసింది, అసలు మనిషి వెనకాల వస్తోందేమో అన్నట్టు.

నాకు నవ్వాగలేదు. వంటింట్లోకి పారిపోయాను.

ఆగస్టు 13, బుధవారం

నవ్వినందుకు నాకు బాగా శాస్తి అయింది. గిన్నెలు కడుగుతుంటే ఒక స్టీలు గ్లాసు అడుగున ఎర్ర చుక్క కనిపించింది. నెయిల్ పాలిష్. కంచం వెనకా ఉంది. చెంచాకీ ఉంది. ఏమిటాంటీ ఇది అంటే, ఆ అమ్మాయివిలే, మనవాటిలో కలిసిపోకుండా గుర్తు పెట్టాను, ఎంతైనా మడీ ఆచారం ఉన్న ఇల్లు కదా, నీకు తెలియనిదేముంది అంది.

నాకు తెలియనిదేముంది! మా ఊళ్ళో టీకొట్టు గుంజకి మావాళ్ళ గ్లాసు వేరుగా వేలాడేది. మా నాయనమ్మ ఆదెమ్మ అందులో తాగి, తనే కడిగి, మళ్ళీ మేకుకి తగిలించి వచ్చేది. ఆమె తమ్ముడు ఒకసారి బల్ల మీది గ్లాసు తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు.

ఆంటీకి ఇవేవీ తెలియవు. నన్ను తనవాళ్ళలో మనిషే అనుకుంటోంది. యాడ్‌లో వెజిటేరియన్ అని ఉంటే అవునన్నాను, మిగతాది ఆవిడే ఊహించుకుంది. నేను కాదనలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దె రూము కోసం యీషున్‌లో, టోవా పాయోలో ఎన్ని ఫోన్లు చేశాను! ఇండియన్ ఆ, సారీ, కెనాట్ లా అని పెట్టేసేవాళ్ళే. ఈ వుడ్‌ల్యాండ్స్ ఫ్లాట్‌లో పప్పుచారు దొరికింది, తెలుగు మాట దొరికింది. పైగా మా మేనేజర్ పార్థసారథిగారు ఆంటీకి ఫ్యామిలీ ఫ్రెండ్. ఇక్కడ నా సంగతి తెలిస్తే ఆఫీసులో తెలిసినట్టే.

గ్లాసు తుడిచి షెల్ఫ్‌లో పెట్టేశాను.

ఆగస్టు 17, ఆదివారం

యోలాండా మహా సంబరంగా ఉంది. వచ్చీరాగానే ఇంటిమనిషిలా చూసుకుని తనకంటూ ఒక గ్లాసు ఇచ్చారని, చుక్క కనబడేలా ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపిందట. ఆంటీ డైనింగ్ టేబుల్ దగ్గరికి రానివ్వకుండా, రూమ్‌లో కంఫర్టబుల్‌గా తిను అని ట్రే చేతికిస్తుంటే అదీ మర్యాదే అనుకుంటోంది పిచ్చిపిల్ల.

సాయంత్రం బ్లాక్ కింద బెంచీ మీద కూర్చుని వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పింది. ఆవిడ కాలేజీలో చదివే రోజుల్లో, తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే ఒక కౌంటర్ దగ్గరికి స్నేహితులతో వెళ్ళి కూర్చుందట. కాఫీ అడిగారట. ఇవ్వలేదు. వీళ్ళు లేవలేదు. ఎవడో వేడి కాఫీ తెచ్చి ఆవిడ మెడ మీద పోశాడట. దానికోసం ముందే చర్చి కింది గదిలో ప్రాక్టీస్ చేసేవాళ్ళట. మొహం మీద పొగ ఊదినా, జుట్టు పట్టి లాగినా చేతులు బల్ల మీదే ఉండాలి. ముసలితనంలో కూడా అమ్మమ్మ ఏ బల్ల దగ్గర కూర్చున్నా ముందు రెండు చేతులూ దాని మీద పెట్టేదట.

మీ ఇండియాలో ఇలాంటివి ఉండేవా అని అడిగింది. ఎప్పుడో పాతకాలంలో అన్నాను. ఛీ, నా బతుకు.

ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి

ఇంటినిండా జనం. పంతులుగారు ఒక్కొక్కరి గోత్రమూ అడుగుతూ నా దాకా వచ్చారు. పార్థసారథిగారు పక్కనే ఉన్నారు. గోత్రం తెలియనివాళ్ళు కాశ్యప అని చెప్పేస్తారని ఫ్రెండ్ పెళ్ళిలో ఎవరో అనగా విన్నాను. అదే అనేశాను. ఆంటీ తల ఊపింది. హమ్మయ్య! తర్వాత ఉండ్రాళ్ళు ఎన్ని తిన్నానో నాకే తెలియదు.

యోలాండా వంతు ట్రేలో రూమ్‌కి వెళ్ళింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఎర్ర చుక్కని గోటితో గీకి చూశాను. ఊడలేదు. పైన ఇంకో పూత వేసినట్టుంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఆంటీ నన్ను కూర్చోబెట్టి తలకి నూనె రాసింది. అమ్మ తర్వాత ఎవరూ రాయలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు మొదలుపెట్టింది, మా తమ్ముడి కొడుకు కృష్ణచైతన్య బ్యాంకులో చేస్తున్నాడు, నీలాంటి పిల్ల మా ఇంటికొస్తే ఎంత బాగుంటుందే అని. పెళ్ళిమాటలంటే ఊరూ పేరూ అన్నీ తవ్వుతారు. మీ గోత్రం ఏమిటాంటీ అన్నాను. పుట్టింటివాళ్ళది భారద్వాజస అంది. అయ్యో, మాదీ అదేనండీ అనేశాను. ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్ళ వరస, ఇంక పెళ్ళి మాటే ఎత్తరు.

దువ్వెన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. అలాగా అంది ఆంటీ. ఎంత తెలివిగా తప్పించుకున్నాను అనుకుని లోపల్లోపల మురిసిపోయాను.

సెప్టెంబర్ 15, సోమవారం, ట్రైన్‌లో

కాశ్యప. చవితి రోజు అందరి ముందూ కాశ్యప అన్నాను. దేవుడా!

సెప్టెంబర్ 21, ఆదివారం

ఆంటీ కోప్పడటం లేదు. అదే నా భయం. నవ్వుతూ, కూర తరుగుతూ, ఒక్కొక్కటే అడుగుతోంది. తెనాలి దగ్గర ఏ ఊరు? ఊళ్ళో ఎటువైపు ఇల్లు? మీ తాతగారు ఏం చేసేవారు? వ్యవసాయం అన్నాను. అబద్ధం కాదు, చేసింది పరుల పొలంలో. చివరికి కత్తి పక్కన పెట్టి, ఇంతకీ మీరేవిట్లమ్మా అంది. ఆఫీసు కాల్ వస్తోందని ఫోన్ చెవిన పెట్టుకుని లేచిపోయాను. ఫోన్ మోగనే లేదు.

తలుపు వెనక నుంచి విన్నాను. తెనాలిలో ఉన్న ఎవరో అరుణమ్మగారికి ఆంటీ ఫోన్ చేసి మా ఇంటిపేరు రెండుసార్లు చెప్పింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఇప్పుడు ఏమీ అడగడం లేదు. పప్పుచారు నా కంచంలో వడ్డించడం మానేసింది. గిన్నె గట్టు మీద పెట్టి, పెట్టుకో అమ్మా అంటోంది. అదే నవ్వు. నేను కుర్చీ లాక్కుంటే తను లేచి టీవీ ముందుకి వెళ్తోంది. నేను ముట్టుకున్న కుర్చీని తర్వాత తడిగుడ్డతో తుడిచింది. చూశాను.

ఆఫీసులో పార్థసారథిగారు లంచ్‌కి పిలవలేదు. బిజీయేమో. ఎప్పుడూ లేనిది బిజీయేమో.

అక్టోబర్ 5, ఆదివారం

ముందు చూసింది యోలాండా. నా గ్లాసు ఎత్తి పట్టుకుని, కంగ్రాచ్యులేషన్స్, నీకూ ఇచ్చారే అని చప్పట్లు కొట్టింది.

అడుగున ఎర్ర చుక్క. ఇంకా పచ్చిగానే ఉంది. నా వేలికి అంటుకుంది.

అప్పుడు చెప్పేశాను. చుక్క అంటే ఏమిటో, ట్రే అంటే ఏమిటో, గుంజకి వేలాడిన గ్లాసు, నాయనమ్మ తమ్ముడి చెయ్యి, నా రెండు గోత్రాలు, అన్నీ. ఏడుస్తూనే చెప్పాను. మొదటివారమే తెలిసీ దాచానని కూడా చెప్పాను. ఆమె తన గ్లాసు తిరగేసి చూసింది. తర్వాత ఫోన్ తీసి, వాళ్ళమ్మకి పంపిన ఫొటో డిలీట్ చేసింది. మా అమ్మ దాన్ని ఫ్రేమ్ కట్టించింది, అని మాత్రం అంది.

అక్టోబర్ 12, ఆదివారం

ఆంటీ ఇద్దరినీ పిలిచింది. చుట్టాలొస్తున్నారు, దీపావళి అయ్యాక రూములు ఖాళీ చేయమంది. పండగనాడు పార్థసారథిగారి కుటుంబమూ, కృష్ణచైతన్యా భోజనానికి వస్తున్నారట. ఆ పూటకి మీరిద్దరూ సినిమాకి పోయి రండమ్మా అంది, నవ్వుతూ.

సరేనండీ అన్నాం.

అక్టోబర్ 20, సోమవారం, దీపావళి

ఆంటీ గుడికి వెళ్ళింది. అతిథుల్ని వెంటబెట్టుకుని వస్తుంది. మేము సినిమాకి వెళ్ళలేదు. ఇంట్లో ఉన్న ప్రతి గ్లాసుకీ చుక్క పెట్టాం. ప్రతి కంచానికీ. వెండివాటికీ. ఆంటీ మడి చెంబుకీ. ఆరిపోయాయి. ఏది ఎవరిదో ఇక ఎవరికీ తెలియదు.

కాఫీ కలిపాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. యోలాండా చేతులు ఇప్పటికే బల్ల మీద ఉన్నాయి. లిఫ్ట్ ఆగింది. గొంతులు. ఈ మాట రాసి నా చేతులూ పెడతాను. తాళం తిరుగుతోంది.